కష్టమైన లెక్క ఒకటి ఇప్పించండి

పిల్లవాడికి చదువు అబ్బడం లేదని బడికి వెళ్ళే తల్లిని చూస్తే లోకానికి జాలి. పిల్లవాడు అల్లరి చేస్తున్నాడని కబురు వస్తే తల వంచుకొని వెళ్ళే తల్లిని చూస్తే సానుభూతి. కాని, "మా పిల్లకు మీరిచ్చే పని చాలడం లేదండీ, ఇంకొంచెం కష్టమైనది ఇప్పించండి" అని వెళ్ళే తల్లిని చూస్తే మాత్రం లోకం మొహం పక్కకు తిప్పుకొని నవ్వుకొంటుంది. "ఈవిడ కడుపున సరస్వతీదేవి పుట్టింది కాబోలు" అనుకొంటుంది.

ఇందులో లోకాన్ని తప్పుపట్టడానికేమీ లేదు. నేనూ అలా నవ్వినదాన్నే. పద్ధెనిమిదేళ్ళుగా కాలేజీలో తెలుగు చెబుతున్నాను. "మావాడు అసలు ఈ క్లాసులో ఉండవలసినవాడు కాదండీ" అని మొదలుపెట్టే తల్లిదండ్రులను చాలామందిని చూశాను. వాళ్ళు వెళ్ళిపోయాక స్టాఫ్ రూములో మేమందరం ఏమనుకొంటామో ఇక్కడ రాయడం మర్యాద కాదు.

అటువంటి నేను ఈ ఏడు శ్రావణమాసంలో ఒక సాయంత్రం, మా బుజ్జి చదివే బడి గేటు దగ్గర, ప్రోగ్రెస్ కార్డు చేత పట్టుకొని నిలబడవలసి వచ్చింది. ఎందుకు నిలబడ్డానో, ఏం చెప్పబోయి ఏం చెప్పానో, చివరకు ఏమయిందో దాచుకోకుండా చెబుతాను. మీ ఇంట్లో ఇటువంటి చిక్కు ఉంటే పనికివస్తుంది. లేకపోతే, ఒక లెక్చరరమ్మ భంగపాటు చదివి కాసేపు నవ్వుకోవచ్చు.

మా బుజ్జికి తొమ్మిదేళ్ళు. నాలుగో తరగతి. అద్భుతమైన పిల్ల అని చెప్పను. జడ వేయించుకోవడానికి రోజూ వీధంతా వినబడేలా ఏడుస్తుంది. పప్పులో కరివేపాకు ఏరి కంచం చుట్టూ తోరణం కడుతుంది. కాని లెక్కలంటే దానికి చిన్నప్పటినుంచీ ఒక సరదా. మెట్లెక్కుతూ లెక్కపెడుతుంది. వీధిలో పోయే బళ్ళ నంబర్లన్నీ కూడుతుంది. పాలవాడికి ఇవ్వవలసిన డబ్బు నాకన్న ముందే చెప్పేస్తుంది. ఇది చూసి మా అత్తగారు దానికి ప్రతి ఆదివారమూ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పోస్తూ ఉంటారు.

అటువంటి పిల్ల ఈ ఏడు బడి తెరిచిన నెలన్నరకే మారిపోయింది. పొద్దున లేస్తూనే కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది. ఆ కడుపునొప్పి ఆదివారంనాడు వచ్చేది కాదు. బడిలో ఏం చెప్పారే అంటే, "ఏమీ లేదు" అనేది. గారాబం ఎక్కువయిందనుకొన్నాను. రెండుసార్లు కసిరాను కూడా.

ఒకనాటి రాత్రి దాని సంచీ సర్దుతూ లెక్కల నోటుపుస్తకం తిరగేశాను. ఇరవై గుణకారాలు. పందొమ్మిదింటికి ఎర్ర సిరాతో రైటు కొట్టి ఉంది. ఇరవయ్యోదానికి అడ్డగీత. 24ను 15తో హెచ్చవేస్తే 350 అని వేసింది. ముందు పేజీ చూశాను. అక్కడా పందొమ్మిది రైటు, ఒకటి తప్పు. అంతకు ముందు పేజీ చూశాను. అక్కడా అంతే. సరిగా పందొమ్మిది ఒప్పు, ఒకటి తప్పు!

"బుజ్జీ, ఇరవైనాలుగు పదిహేనులు ఎంతే?" అన్నాను.

మంచం మీద పడుకొని పైకప్పు చూస్తున్నదల్లా, "మూడువందల అరవై" అంది.

"మరి ఇక్కడ మూడువందల యాభై అని వేశావేం?"

అది కాసేపు మాట్లాడలేదు. తరువాత గొంతు తగ్గించి, "అన్నీ రైటయితే మళ్ళీ ఇరవై ఇస్తారమ్మా. ఒకటి తప్పయితే దాన్నే ఐదుసార్లు దిద్ది రాయమంటారు. అది రాస్తూ ఉంటే బెల్లు కొట్టేస్తారు" అంది.

"రోజూ ఒకటే తప్పు చేస్తావా?"

"ఒకటే. రెండయితే నాన్న కోప్పడతారుగా."

నవ్వు రాబోయింది గాని, వచ్చే దారిలోనే ఆగిపోయింది. తొమ్మిదేళ్ళ పిల్ల బడిలో ఏం నేర్చుకొంది? ఒప్పు చేస్తే శిక్ష పడుతుందని నేర్చుకొంది. తెలివిని ఎంత దాచుకొంటే అంత హాయి అని నేర్చుకొంది. గుణకారం కన్న ఈ పాఠం దానికి జీవితాంతం గుర్తుంటుంది.

ఇంకా కూపీ లాగితే మరొకటి బయటపడింది. ముందుగా పని అయిపోయిన రోజుల్లో దాన్ని బోర్డు దగ్గర నిలబెట్టి, మాట్లాడేవాళ్ళ పేర్లు రాయమంటున్నారట. పేర్లు రాస్తే స్నేహితులు జట్టు ఉండమన్నారట. రాయకపోతే టీచరుగారు కోప్పడతారట. ఈ ధర్మసంకటం తప్పించుకోవడానికి కూడా ఆ ఒక్క తప్పే దిక్కయింది.

ఆ రాత్రి ఇంట్లో సభ జరిగింది. మావారు బ్యాంకు ఉద్యోగి. ఏ సమస్యనయినా ఒక్క సంతకంతో తేల్చేయాలంటారు. "డబుల్ ప్రమోషన్ అడుగు. మా పెద్దనాన్నగారు అలాగే రెండు క్లాసులు దాటేశారు" అన్నారు. ఆ రోజులు వేరు. మూడో తరగతి నుంచి ఐదో తరగతిలోకి దూకిన పిల్లలు అప్పట్లో ప్రతి ఊళ్ళోనూ ఒకరిద్దరు ఉండేవారు. కాని మా బుజ్జికి లెక్కల్లో ఉన్న తొందర మిగతావాటిలో లేదు. తెలుగు వాచకం చదవమంటే ఆవులిస్తుంది (తెలుగు లెక్చరరు కూతురికి ఇదొక బిరుదు). తనకన్న పెద్ద పిల్లల మధ్య కూర్చోబెడితే, ఉన్న ఒక్క స్నేహితురాలూ పోతుంది.

మా అత్తగారు అంతా విని, "ఏమిటమ్మాయ్, చదువు రాకపోతే పంతులమ్మతో చెబుతారు గాని, వచ్చిందని ఎవరయినా ఫిర్యాదు చేస్తారుటే? కళ్ళు పడతాయి, ఊరుకో" అన్నారు.

నేను ఊరుకోలేదు. మర్నాడు సాయంత్రం బడి వదిలే వేళకు వెళ్ళి, గేటు దగ్గర టీచరుగారిని పట్టుకొన్నాను. అది నా మొదటి పొరపాటు. ఆవిడ ఒక చేత్తో ఆటోలు ఎక్కించే పిల్లలను లెక్కపెట్టుకొంటున్నారు, రెండో చేతిలో దిద్దవలసిన పుస్తకాల దొంతర. నేను ప్రోగ్రెస్ కార్డు తెరిచి చూపించాను. అది రెండో పొరపాటు. "నేనూ టీచింగులోనే ఉన్నాను లెండి" అన్నాను. అది మూడోది, అన్నిటికన్న పెద్దది.

ఆవిడ చిన్నపిల్ల. ముప్ఫై దాటి ఉండవు. నేను చెప్పినదంతా ఓపికగా విని అన్నారు:

"మేడమ్, నా క్లాసులో నలభైమూడు మంది. అందులో పదకొండు మందికి తీసివేతలో అప్పు తెచ్చుకోవడం ఇంకా రాదు. ఇద్దరు అక్షరాలే కూడబలుక్కొంటున్నారు. వాళ్ళ గురించి అడగడానికి ఇంతవరకు ఒక్క తల్లీ రాలేదు. మీ అమ్మాయి గురించి నాకే చింతా లేదు మేడమ్."

నాకు కోపం వచ్చింది. కోపం కన్న సిగ్గు ఎక్కువ వచ్చింది. ఇంటికి వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా డిగ్రీ పిల్లల జవాబు పత్రాలు ముందు వేసుకొని కూర్చొన్నాను. కాని కలం కదలలేదు. ఆవిడ చివరి మాటే చెవిలో తిరుగుతోంది. చింత లేదట! చింత లేని పిల్ల గనుకనే ఎవరికీ పట్టలేదన్నమాట.

అప్పుడు, పిలవని పేరంటంలాగా, ఒక కుర్రవాడు జ్ఞాపకం వచ్చాడు. పన్నెండేళ్ళ కిందటి మాట. నా క్లాసులో చివరి బెంచీలో కూర్చొనేవాడు. వాళ్ళ తాతగారి పెట్టెలో ఉన్న ప్రబంధాలన్నీ ఇంటి దగ్గరే చదివేశాడు. నేను పద్యానికి అర్థం చెప్పడం మొదలుపెడితే, వాడు కిటికీలోంచి చెట్టు చూస్తూ ఉండేవాడు. పరీక్షలో ఎప్పుడూ వాడిదే మొదటి మార్కు. నేను వాడికి ఏమిచ్చాను? మార్కులు ఇచ్చాను. "భేష్" అన్నాను. నా చింతంతా సంధులు విడదీయడం రాని ముప్ఫైమంది గురించి. వాడు తరువాత తెలుగు వదిలేశాడు. ఒకసారి రైల్లో కనబడి, ఎంతో ప్రేమగా, "మీ క్లాసులో భలే హాయిగా ఉండేది మేడమ్, నాకు పనే ఉండేది కాదు" అన్నాడు. మెచ్చుకొన్నాడనుకొని ఆనాడు సంతోషించాను.

మా బుజ్జి టీచరు చేసినది నేను పన్నెండేళ్ళ కిందటే చేశాను. నా క్లాసులో నలభైమూడు మంది కూడా లేరు.

ఇక్కడ ఒక పాత కథ చెప్పాలి. జర్మనీలో బ్రన్‌స్విక్ అనే ఊళ్ళో 1777లో ఒక కూలివాని ఇంట పుట్టిన పిల్లవాడు గౌస్. తరువాత ప్రపంచంలోని మహా గణితవేత్తలలో ఒకడయ్యాడు. బడిలో మేష్టారు ఒకటి నుంచి నూరు దాకా కూడమంటే, మిగతా పిల్లలు పలకలు నింపుతూ ఉండగానే 5050 అని వేసి ఇచ్చాడన్న కథ మీరు వినే ఉంటారు. ఒకటీ నూరూ నూటొకటి, రెండూ తొంభైతొమ్మిదీ నూటొకటి, ఇలా యాభై జతలు. ఈ కథను తలా ఒక రకంగా చెబుతారు గాని, అందరూ పిల్లవాడినే మెచ్చుకొంటారు. నాకు మాత్రం ఆ మేష్టారిని మెచ్చుకోవాలనిపిస్తుంది. ఆయన పేరు బ్యూట్నర్. బెత్తం మేష్టారే. క్లాసు నిండా పిల్లలే. అయినా ఆయన "సరే, ఇంకో నూరు దాకా కూడు" అనలేదు. హాంబర్గ్ నుంచి ఇంకా పెద్ద లెక్కల పుస్తకం తెప్పించి వాడి చేతిలో పెట్టాడు. అది కూడా చాలనప్పుడు, తన దగ్గర సహాయకుడుగా ఉన్న బార్టెల్స్ అనే కుర్రవాడు తోడయ్యాడు. బార్టెల్స్ గౌస్ కన్న ఎనిమిదేళ్ళే పెద్ద. ఇద్దరూ కలిసి కూర్చొని చదువుకొన్నారు.

దీని పక్కన మన రామానుజన్ కథ పెట్టి చూడండి. కుంభకోణంలో హైస్కూలు చదువుతున్న రోజుల్లో, 1903 ప్రాంతంలో, కార్ అనే ఆయన రాసిన పెద్ద గణిత సంగ్రహం చేతికి వచ్చింది. వేలకొద్దీ సూత్రాలు, నిరూపణలు మాత్రం బహు కొద్ది. ఆ పుస్తకం అతనికి ప్రాణమయింది. కాని పక్కన కూర్చొని దారి చూపే బార్టెల్స్ లేడు. లెక్కల్లో మునిగి మిగతా సబ్జెక్టులు వదిలేశాడు. కాలేజీలో వచ్చిన స్కాలర్‌షిప్ పోయింది. ఎఫ్.ఏ. పరీక్ష దాటలేకపోయాడు. 1913లో హార్డీకి ఉత్తరం రాసేదాకా అతని పని నిజంగా తెలిసినవాళ్ళు బహు కొద్దిమంది.

మా బుజ్జి గౌసూ కాదు, రామానుజనూ కాదు. ఈ కథలు దాన్ని పొగడడానికి చెప్పడం లేదు. ఎంత తెలివయిన పిల్లకయినా రెండు కావాలని చెప్పడానికి చెబుతున్నాను. చేతికి తగినంత కష్టమైన పని ఒకటి, అది చేసేటప్పుడు పక్కన ఒక మనిషి ఒకరు. ఒకటి ఉండి ఒకటి లేకపోతే చాలదు.

వైగోత్‌స్కీ అని ఒక రష్యన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. 1934లో, నలభై అయినా నిండకుండానే పోయాడు. పిల్లవాడు తనంతట తాను చేయగలిగినదానికీ, పెద్దవాళ్ళ చేయూతతో చేయగలిగినదానికీ మధ్యనున్న జాగాలోనే అసలు చదువు జరుగుతుందని ఆయన చెప్పాడు. పెద్ద మాటలు అక్కరలేదు. గోదావరి ఒడ్డున ఉన్నవాళ్ళకు ఇది సులభంగా తెలుస్తుంది. మోకాలి లోతులో ఎవరూ ఈత నేర్చుకోలేరు. కాళ్ళు నేలకు తగులుతూనే ఉంటాయి. నడి గోదావరిలో వదిలేస్తే మునిగిపోతారు. రొమ్ము లోతు నీళ్ళలో, కడుపు కింద నాన్న చెయ్యి ఉంటేనే ఈత వస్తుంది. మా బుజ్జి మోకాలి లోతు నీళ్ళలో ఆరువారాలుగా నిలబడి ఉంది. అందుకే దానికి కడుపునొప్పి.

ఇక రెండోసారి వెళ్ళడం. ఈసారి ముందుగా కబురు పెట్టి, ఆవిడకు వీలయిన వేళ అడిగాను. శనివారం మధ్యాహ్నం రమ్మన్నారు. ప్రోగ్రెస్ కార్డు ఇంట్లో వదిలేసి నోటుపుస్తకం తీసుకువెళ్ళాను.

చట్టాలు వల్లించాలని నోటిదాకా వచ్చింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం, పిల్లల శక్తులు సంపూర్ణంగా వికసించేలా చదువు ఉండాలంటుంది. 2020 నాటి జాతీయ విద్యా విధానమయితే, ప్రత్యేక ఆసక్తి ఉన్న పిల్లలను గుర్తించి ప్రోత్సహించమని టీచర్లకు చెబుతుంది. కాని అదే చట్టం ప్రాథమిక తరగతుల్లో సుమారు ముప్ఫైమందికి ఒక టీచరు ఉండాలని కూడా అంటుంది. నలభైమూడు మందిని మోస్తున్న మనిషి ముందు చట్టం చదివితే, ఆవిడ మొహాన మిగతా సగం చదవవలసింది నేను కాదు, ఆవిడే. అందుచేత ఊరుకొన్నాను.

"మొన్న గేటు దగ్గర నేను మాట్లాడిన పద్ధతి బాగాలేదు, ఏమీ అనుకోకండి" అని మొదలుపెట్టి, మూడు పేజీలు తెరిచి పక్కపక్కన చూపించాను. పందొమ్మిది, ఒకటి. పందొమ్మిది, ఒకటి. పందొమ్మిది, ఒకటి. ఆవిడకు నేను వివరించనక్కరలేకపోయింది. చాలాసేపు ఆ పేజీలకేసి చూసి, "కావాలని చేస్తోందా!" అన్నారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పని అయిపోయింది గదా, ఖాళీగా ఉంచకూడదని ఇంకో ఇరవై ఇచ్చాను మేడమ్. శిక్ష అనుకొంటుందని తోచలేదు" అన్నారు.

"నేనూ ఒకడికి ఇలాగే చేశాను" అని నా చివరి బెంచీ కుర్రవాడి కథ చెప్పాను. అప్పటినుంచి మేమిద్దరం ఒకే బల్లకు ఒకే పక్క కూర్చొన్నట్టయింది.

తరువాత ఆవిడ నాకు తెలియని సంగతి ఒకటి చెప్పారు. "మీ అమ్మాయి చేసే వేగం చూసి మీరు మురిసిపోతున్నారు గాని మేడమ్, దానికి ఒక లోపం ఉంది. ఎందుకు అలా చేశావని అడిగితే చెప్పలేదు. ఒకసారి కొత్త రకం లెక్క ఇచ్చాను. రెండు నిమిషాల్లో రాలేదని పేజీ చింపేసింది. రానిది అంటే దానికి భయం."

నా కూతురి గురించి ఇంకొకరు చెబితే నేను తెలుసుకోవడమా అని ఒక్క క్షణం ఉక్రోషం వచ్చింది. కాని ఆలోచిస్తే అది నిజం. మా ఇంట్లో అందరం దాని వేగాన్నే మెచ్చుకొన్నాము. పాలవాడి లెక్క ఎంత త్వరగా చెబితే అంత మురిసిపోయాము. కష్టపడి చేయవలసిన లెక్క ఒక్కటీ దానికి తొమ్మిదేళ్ళ వయసు దాకా ఎదురుకానేలేదు. ఇక కష్టమంటే భయపడక ఏం చేస్తుంది? నేను టీచరుగారిని అడగడానికి వచ్చిన కోరిక ఆవిడ మాటతో ఇంకా గట్టిపడింది.

ఆ మధ్యాహ్నం మేము మూడు ఒప్పందాలు చేసుకొన్నాము.

మొదటిది: ఎక్కువ పని కాదు, వేరే పని. ఇరవై లెక్కల్లో చివరి ఐదు కష్టమైనవి. ఎవరయినా సరే ముందు ఆ ఐదూ తప్పు లేకుండా చేస్తే, మిగతా పదిహేనూ చేయనక్కరలేదు. ఇరవై చేసినవాడికి ఇంకో ఇరవై బహుమానంగా ఇవ్వడమంటే, బాగా తోమిందని పనిమనిషికి పక్కింటి అంట్లు కూడా వేయడమే.

రెండోది: మిగిలిన సమయానికి క్లాసులో ఒక పెట్టె. అందులో అట్టముక్కల మీద ఒక్కొక్క చిక్కు లెక్క. వేగంగా చేస్తే వచ్చేవి కావు. కూర్చొని ఆలోచిస్తే వచ్చేవి. ఆ అట్టలు రాసే పూచీ నాది. ఇక్కడ టీచరుగారు ఒక షరతు పెట్టారు. పెట్టె బుజ్జిది కాదు, క్లాసు అందరిదీ. ఎవరు కావాలంటే వాళ్ళు తీసుకోవచ్చు. ఇంత మంచి ఆలోచన నాకు రాలేదని ఒప్పుకొంటున్నాను. నేను ఒక పిల్ల తల్లిని. ఆవిడ నలభైమూడు మందికి టీచరు.

మూడోది: బోర్డు మీద పేర్లు రాసే ఉద్యోగం రద్దు.

అట్టలు రాయడం ఎంత సేపు అనుకొన్నాను. కూర్చొంటే ఒక రాత్రి పట్టింది. తెలుగు ఎమ్మే చదివినదానికి లెక్కలేమిటని మావారు హాస్యమాడారు. తెలుగువాళ్ళకు ఇది కొత్త కాదు. మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని, పదకొండో శతాబ్ది ప్రాంతంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగు సాహిత్యం ఇంకా తొలి అడుగులు వేస్తున్న నాడే లెక్కలు కూడా పద్యంలో కూర్చొన్నాయన్నమాట. అప్పటి లెక్కల్లో ఒట్టి అంకెలుండవు. ఒక కథ ఉంటుంది. అలా మొదటి అట్ట మీద చిన్నప్పుడు మా అమ్మమ్మ వేసిన లెక్క ఒకటి రాశాను:

ఒకడు తోటలో మామిడిపళ్ళు కోసుకొని వస్తున్నాడు. మూడు గుమ్మాలు దాటాలి. ఒక్కొక్క గుమ్మం దగ్గర కాపలావాడికి, అప్పటికి తన దగ్గరున్న పళ్ళలో సగమూ, పైన ఇంకొక పండూ ఇవ్వాలి. మూడో గుమ్మం దాటేసరికి ఒకే పండు మిగిలింది. మొదట ఎన్ని కోశాడు?

మొదటి రోజు బుజ్జి ఆ అట్ట ఇంటికి తెచ్చుకొంది. ముప్ఫై అనుకొని చూసింది, కుదరలేదు. నలభై అనుకొంది, కుదరలేదు. కాగితం చింపింది. ఏడ్చింది. "ఈ లెక్కే తప్పు" అంది. మా అత్తగారు నాకేసి కొరకొర చూసి, "హాయిగా ఉన్న పిల్లను ఏడిపించడానికా బడికి వెళ్ళి వచ్చావు?" అన్నారు. జవాబు చెప్పేద్దామని నాకూ నోరు దురదపెట్టింది. కాని కడుపు కింద చెయ్యి పెట్టడం వేరు, ఎత్తుకొని ఒడ్డున దింపేయడం వేరు. "ఇవాళ రాకపోతే రేపు చూడు. అట్ట ఎక్కడికీ పోదు" అని మాత్రం అన్నాను.

రెండో రోజూ రాలేదు. మూడో రోజు సాయంత్రం బుజ్జి సంచీ విసిరేసి, కోపంతో ఊగిపోతూ వచ్చింది. లెక్క తనకన్న ముందు ఇంకొకడు చేసేశాడట. ఎవడు? తీసివేతలో అప్పు తెచ్చుకోవడం రాని పదకొండు మందిలో ఒకడు! "వాడికి పదమూడో ఎక్కం కూడా రాదమ్మా!" అంది, లోకంలో న్యాయం లేదన్నట్టు.

వాడు చింతపిక్కలతో చేశాడట. చివర మిగిలిన ఒక్క పిక్క ముందు పెట్టుకొన్నాడు. మూడో కాపలావాడికి పైన ఇచ్చిన ఒకటి వెనక్కి తెచ్చి పక్కన పెట్టాడు. రెండయ్యాయి. అది సగం గనుక ఇంకో సగం పేర్చాడు. నాలుగు. మళ్ళీ ఒకటి కలిపి రెండింతలు చేశాడు. పది. మళ్ళీ ఒకటి కలిపి రెండింతలు. ఇరవైరెండు. ముందు నుంచి వెళితే రాని లెక్క వెనక నుంచి నడిస్తే వచ్చింది.

ఆ రాత్రి బుజ్జి వంటింట్లోంచి చింతపిక్కలు పట్టుకుపోయి, ఇరవైరెండు నుంచి ఒకటి దాకా, ఒకటి నుంచి ఇరవైరెండు దాకా నాలుగుసార్లు నడిచింది. మర్నాడు పొద్దున కడుపునొప్పి అనలేదు. "వాడు ఇవాళ రెండో అట్ట తీసుకొంటాడేమో" అని జడ కూడా ఏడవకుండా వేయించుకొని పరుగెత్తింది.

అన్నీ చక్కబడ్డాయని చెప్పను. కొన్ని వారాలు పెట్టె తెరవడానికి టీచరుగారికి తీరిక ఉండదు. ఒక్కొక్కప్పుడు నా అట్టలు మరీ సులభం, మరొకప్పుడు మరీ కష్టం. ఇద్దరు ముగ్గురు తల్లులు, "లెక్చరరమ్మ కూతురు గనుక ఇవన్నీ" అన్నారని కూడా విన్నాను. ఆ మాటలో నిజం లేకపోలేదు. నాకు టీచరుతో మాట్లాడడం చేతనవుతుంది. చింతపిక్కల కుర్రవాడి తల్లికి ఆ ధైర్యం ఉండకపోవచ్చు. పెట్టె అందరిదీ కావాలని టీచరుగారు పెట్టిన షరతు విలువ నాకు అప్పుడే పూర్తిగా తెలిసింది.

మీరూ వెళ్ళవలసి వస్తే ఇంతే చెబుతాను. వేళ అడిగి వెళ్ళండి. మార్కులు కాదు, పిల్ల చేసిన పని తీసుకువెళ్ళండి. "మా పిల్ల గొప్పది" అనకండి. "మా పిల్లకు ఇలా అవుతోంది" అనండి. ఎక్కువ అడగకండి, వేరేది అడగండి. మీ చేతనయిన సాయం ఏదో ఒకటి ముందు పెట్టండి. అన్నిటికన్న ముఖ్యం, టీచరు మీ పిల్ల గురించి చెప్పేది వినడానికి సిద్ధపడి వెళ్ళండి. మనం ఇంట్లో చూసే పిల్ల ఒకటి, వాళ్ళు బడిలో చూసే పిల్ల ఒకటి.

మొన్న దసరా సెలవులకు ముందు మళ్ళీ దాని లెక్కల పుస్తకం తిరగేశాను. కష్టమైన ఐదు లెక్కల్లో ఒకదానికి ఎర్ర సిరా అడ్డగీత కనబడింది. గుండె జల్లుమంది. పిలిచి, "ఇది కావాలనే చేశావా?" అన్నాను.

బుజ్జి పుస్తకం లాక్కొని, ఆ లెక్కకేసి కళ్ళు చిన్నవి చేసుకొని చూసి, "కాదమ్మా, ఇది నిజం తప్పే. ఉండు, ఎక్కడ పోయిందో చూడనీ" అని పెన్సిలు పట్టుకొని నేల మీద చతికిలబడింది.

ఒక తప్పు చూసి అంత సంతోషించడం నా పద్ధెనిమిదేళ్ళ సర్వీసులో అదే మొదటిసారి.